బిడ్డ ఉన్నచోటే ఇల్లు నిలవాలి

విన్నిపెగ్ రెండు నదుల ఊరు. దక్షిణం నుంచి రెడ్ నది, పడమటి నుంచి అస్సినిబోయిన్ నది వచ్చి కలిసే చోటును ఇక్కడివాళ్లు ఫోర్క్స్ అంటారు. బొచ్చు వ్యాపారుల కోటలు, గోదాములు రాకముందే, ఆరు వేల ఏళ్లుగా మనుషులు ఈ సంగమం దగ్గర కలుసుకునేవారని తవ్వకాల్లో తేలింది. అనిషినాబేలు, క్రీలు, డకోటాలు, డెనేలు, మెటిస్‌లు ఈ నేలకు సొంతదారులు. 1871లో ఊరికి ఉత్తరాన ఉన్న లోయర్ ఫోర్ట్ గ్యారీలో బ్రిటిష్ రాణి పేరిట ఒకటో నంబరు ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందం కిందికి వచ్చే జాతుల వాళ్లకు తలకు ఏడాదికి అయిదు డాలర్లు ఇప్పటికీ పంచుతున్నారు. దాదాపు నూట యాభై ఏళ్లుగా ఆ అయిదు అయిదుగానే ఉంది.

సెప్టెంబరు చివరి రోజుల్లో అక్కడికి వెళ్లాను. వీధుల వెంట ఎల్మ్ చెట్లు పసుపు రంగుకు తిరిగి, పొద్దున్నే స్వెట్టరు లేకుండా గడప దాటలేని చలి మొదలైంది. దిగింది మా మేనకోడలి ఇంట్లో. చదువు కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన ఆ పిల్ల, ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లల్ని ఉంచే ఒక గృహంలో రాత్రి డ్యూటీ చేస్తోంది. ఇలాంటి ఉద్యోగాల్లో మన దేశం నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి, నైజీరియా నుంచి వచ్చినవాళ్లు చాలామంది కనిపిస్తారు.

“అత్తా, మా దగ్గరున్న పిల్లలందరూ మూలవాసులే. ఒక్కరూ అనాథ కాదు. అమ్మలున్నారు, అమ్మమ్మలున్నారు, మేనత్తలున్నారు. రాత్రి నిద్ర పట్టకపోతే మాత్రం పక్కన కూర్చోడానికి నేనే దిక్కు” అందామె మొదటి రాత్రి అన్నం పెడుతూ.

ఉట్నూరు ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాల పంతులమ్మగా పనిచేసిన నాకు ఆ మాట విన్నాక ఇక ఊళ్లోని మ్యూజియాలు చూడాలనిపించలేదు. ఆ అమ్మమ్మలు, మేనత్తలు ఎక్కడున్నారో, పిల్లల్ని తమ దగ్గరే ఉంచుకోవడానికి ఏం చేస్తున్నారో చూడాలనుకున్నాను.

కెనడా నగరాల్లో మూలవాసులు అందరికన్నా ఎక్కువగా ఉన్నది విన్నిపెగ్‌లోనే. 2021 జనాభా లెక్కల్లో వాళ్లు లక్ష దాటారు. మానిటోబా రాష్ట్రం మొత్తంలో చూస్తే అయిదుగురిలో ఒకరికన్నా కాస్త తక్కువ. ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లల్లో మాత్రం పదిమందికి తొమ్మిదిమంది వాళ్ల బిడ్డలే. 2010ల మధ్యలో ఆ పిల్లల సంఖ్య పది వేలు దాటింది. అప్పటికి పద్నాలుగు లక్షలమంది కూడా లేని రాష్ట్రానికి అది భయంకరమైన లెక్క.

ఈ లెక్క ఎక్కడ మొదలైందో తెలుసుకోవడానికి ముందుగా అకాడమీ రోడ్డుకు వెళ్లాం. కలిగినవాళ్లు ఉండే పేట అది. పెద్ద పెద్ద ఇళ్లు, కత్తిరించిన పచ్చిక. ఆ ఇళ్ల నడుమే 1958 నుంచి 1973 దాకా అస్సినిబోయా రెసిడెన్షియల్ స్కూలు నడిచింది. ఉత్తరాన అడవుల్లో, సరస్సుల ఒడ్డున ఉన్న ఊళ్ల నుంచి పిల్లల్ని ఇక్కడికి హైస్కూలు చదువుకు తెచ్చేవారు. ఆ బడిలో చదివినవాళ్లే ఇప్పుడు పెద్దవాళ్లై, పట్టుబట్టి ఆ చోట స్మారకం కట్టించుకున్నారు.

పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి 1990ల దాకా కెనడా ప్రభుత్వం చర్చిలతో కలిసి ఇలాంటి బడులు నడిపింది. లక్షా యాభై వేలమంది పిల్లలు వాటిలో పెరిగారు. తమ భాష మాట్లాడితే దెబ్బలు, జుట్టు కత్తిరింపు, ఆకలి, జబ్బులు. వేలమంది తిరిగి ఇల్లు చేరలేదు. ఈ చరిత్రను విచారించిన సత్య, సామరస్య కమిషన్‌కు అధ్యక్షుడు మానిటోబాలో మొదటి మూలవాసి న్యాయమూర్తి అయిన మరీ సింక్లెయిర్. కమిషన్ 2015లో 94 పిలుపులు ఇచ్చింది. వాటిలో మొదటి అయిదూ బడుల గురించి ఉంటాయని నేననుకున్నాను. అవి పిల్లల సంక్షేమ శాఖ గురించి.

ఆ వరసకు కారణముంది. బడులు తగ్గుముఖం పట్టే నాటికి సంక్షేమ శాఖ రంగంలోకి దిగింది. 1950ల నుంచి 1980ల దాకా, పేదరికాన్నీ ఇరుకు ఇళ్లనూ తల్లిదండ్రుల నిర్లక్ష్యంగా రాసుకుని, వేలమంది పసిపిల్లల్ని తెల్లవాళ్ల ఇళ్లకు దత్తత పంపారు. అమెరికా దాకా పంపారు. 1985లో ఎడ్విన్ కిమెల్‌మన్ అనే న్యాయమూర్తి మానిటోబాలో ఈ దత్తతలను విచారించి, ఇది సాంస్కృతిక హననమేనని తన నివేదికలో తేల్చిచెప్పాడు. బడికి పోయి వచ్చినవాళ్లకు తల్లి ఒడి ఎలా ఉంటుందో తెలియకుండా పోయింది. వాళ్లు తల్లులయ్యాక, బిడ్డను పెంచడం రాదని ఆ బిడ్డనూ తీసుకుపోయారు. ఒకే కుటుంబంలో మూడు తరాలు ఇలా విడిపోయిన ఇళ్లు ఈ ఊళ్లో లెక్కలేనన్ని.

మర్నాడు మెయిన్ స్ట్రీట్ పట్టుకుని ఉత్తరానికి నడిచాం. కెనడియన్ పసిఫిక్ రైల్వే యార్డు నగరాన్ని అడ్డంగా కోసేస్తుంది. పట్టాల కింది దారి దాటితే నార్త్ ఎండ్. ఒకప్పుడు యుక్రెయిన్ నుంచీ పోలండ్ నుంచీ వచ్చిన కూలీలు, యూదులు ఉన్న వాడ. వాళ్ల చర్చిల ఉల్లిగడ్డ గోపురాలు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు ఆ చెక్క ఇళ్లలో ఎక్కువగా మూలవాసుల కుటుంబాలు అద్దెకుంటున్నాయి. మూసేసిన దుకాణాలు, గోడలనిండా రంగుల బొమ్మలు, బస్టాపు దగ్గర చంటిపిల్లల బండ్లతో అమ్మమ్మలు.

మూలవాసులకు కేటాయించిన రిజర్వుల నుంచి పట్నానికి వచ్చినవాళ్లకు ఆసరాగా కెనడాలోని తొలి ఫ్రెండ్‌షిప్ సెంటర్లలో ఒకటి 1959లో ఇదే ఊళ్లో మొదలైంది. అద్దె ఇల్లు, ఉద్యోగం, ఆస్పత్రిలో తోడు, తమ భాషలో నాలుగు మాటలు: వచ్చినవాళ్లకు కావలసినవి అవి. ఇప్పుడు దేశమంతా అలాంటివి వందకు పైగా ఉన్నాయి. 1984లో మా మావి వి చి ఇటాటా సెంటర్ పుట్టింది. మూలవాసులు తమ కుటుంబాల కోసం తామే నడుపుకునే సంస్థ అది. దానికి ఎవరి బిడ్డనూ తీసుకుపోయే అధికారం లేదు. ఆ అధికారం లేకపోవడమే దాని బలమని ఈ వాడలో తిరిగితే అర్థమవుతుంది. ‘మా ఇంట్లో బియ్యం నిండుకున్నాయి’ అని సంక్షేమ శాఖ తలుపు తట్టి చెప్పుకున్న తల్లికి, ఆ మాటే తన మీద కేసు అవుతుందేమోనని భయం. బిడ్డను తీసుకుపోలేని చోట ఆ భయం లేదు. అందుకే తల్లులు ముందుగానే వస్తారు, ఇల్లు కూలకముందే వస్తారు.

ఇలాంటివే చిన్నా పెద్దా కేంద్రాలు ఇక్కడ చాలా ఉన్నాయి. వాటిలో ఒకదానిలో కార్యక్రమాలు చూసుకునే ఒకావిడ మమ్మల్ని లోపలికి పిలిచింది. అనిషినాబే మనిషి, నా వయసే ఉంటుంది. తలుపు తీయగానే సేజ్ ఆకు పొగ వాసన. పొద్దున్నే పొగ వేసి, ప్రార్థన చేసి పని మొదలుపెడతారు. ఆఫీసు గది ఎక్కడో వెనక ఉంది. ముందుగా వచ్చేది వంటిల్లు. పెద్ద గిన్నెలో సూపు ఉడుకుతోంది, బల్ల మీద వేడి బానక్ రొట్టెలు. ఒక మూల కుర్రకారు డోలు చర్మం బిగిస్తున్నారు. ఇంకో మూల ముగ్గురు ఆడవాళ్లు నక్షత్రం డిజైను దుప్పటి కుడుతున్నారు. పాలు తాగే పిల్లలు వాళ్ల కాళ్ల దగ్గర ఆడుకుంటున్నారు.

“ముందు అన్నం. తర్వాత బస్సు టికెట్టు. తర్వాత పిల్లల్ని చూసుకునే మనిషి. ఈ మూడూ లేకుండా తల్లిదండ్రుల సమావేశం అని బోర్డు పెడితే ఎవరూ రారు. వాళ్లు రాలేదని రిపోర్టులో రాస్తే తప్పు వాళ్లదైపోతుంది” అందావిడ.

ఆమె రోజువారీ పనుల గురించి విన్నాక, ఇలాంటి కార్యక్రమం నడపడం ఎంత కష్టమో తెలిసింది. గ్రాంట్లు పదిచోట్ల నుంచి వస్తాయి. ఒకటి ఆరేళ్లలోపు పిల్లలకు, ఒకటి యువతకు, ఒకటి గర్భిణులకు, ఒకటి జైలు నుంచి వచ్చిన తండ్రులకు. ఇంటికి వెళ్తే మాత్రం వీళ్లందరూ ఒకే కప్పు కింద ఉంటారు. అక్కడా మనలాగే ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. జనవరి వచ్చేసరికి, పిల్లలకు చేరువైన ఉద్యోగికి ఏప్రిల్‌లో జీతం ఉంటుందో లేదో తెలియదు. ఆ ఉద్యోగి ఇంకో పని చూసుకుంటాడు. నమ్మిన మనిషి మళ్లీ వెళ్లిపోయాడని పిల్లవాడు ఇంకొంచెం ముడుచుకుపోతాడు. “మా పిల్లలకు మనుషులు వెళ్లిపోవడం బాగా అలవాటు. అందుకే నేను మొదట చూసేది మనిషి నిలిచే ఏర్పాటు. బొమ్మలు, కంప్యూటర్లు తర్వాత” అంది.

ఆమె ఇంకో సంగతి చూపించింది. గోడ మీద సిబ్బంది ఫొటోలున్నాయి. వాళ్లలో చాలామంది ఒకప్పుడు సాయం కోసం ఆ తలుపు తట్టినవాళ్లే. ముందు భోజనానికి వచ్చారు, తర్వాత వంటలో చెయ్యేశారు, తర్వాత గుంపును నడిపారు, చివరికి జీతం తీసుకునే ఉద్యోగులయ్యారు. సాయం అడిగే చేతికీ చేసే చేతికీ మధ్య దూరాన్ని ఆ వరస కొంచెం కొంచెంగా తగ్గిస్తుంది.

కుటుంబంలో తగాదాలో, పిల్లల భద్రత సమస్యో వచ్చినప్పుడు ఇక్కడ కుటుంబ సభ పెడతారు. న్యూజిలాండ్‌లో మావోరీల పద్ధతుల నుంచి రూపుదిద్దుకుని 1989లో అక్కడి చట్టంలోకి ఎక్కిన విధానం అది. బిడ్డకు కావలసినవాళ్లందరినీ, దూరపు ఊళ్లలో ఉన్న మేనమామలనూ తాతలనూ కూడా వెతికి పిలుస్తారు. ముందు ప్రార్థన, భోజనం. అధికారులు తమ ఆందోళన ఏమిటో సూటిగా చెప్పి గదిలోంచి లేచి వెళ్తారు. తలుపు మూసుకుంటుంది. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి, తల్లి కోలుకునేదాకా ఎవరు ఏం చేయాలి అన్నది కుటుంబమే తేల్చి, కాగితం మీద పెట్టి, అప్పుడు తలుపు తీస్తుంది. ఒక్కో సభకు చుట్టాలను వెతకడానికే వారాలు పడతాయి. ఆ వారాలకు డబ్బు ఇచ్చే గ్రాంటు దొరకడమే కష్టం.

ఆరేళ్లలోపు పిల్లల కోసం ఫెడరల్ ప్రభుత్వం 1995లో నగరాల్లో, ఉత్తరాది ఊళ్లలో అబోరిజినల్ హెడ్ స్టార్ట్ ప్రారంభించింది. దానికి ఆరు అంగాలు: సంస్కృతి భాష, చదువు, ఆరోగ్యం, పోషణ, కుటుంబానికి సామాజిక ఆసరా, తల్లిదండ్రుల పాత్ర. భాష మొదట ఉంది చూడండి. మన అంగన్‌వాడీ వయసు పిల్లలు అనిషినాబే భాషలో అంకెలు, జంతువుల పేర్లు నేర్చుకుంటుంటే, వాళ్లను తీసుకురావడానికి వచ్చిన తల్లులు గుమ్మంలో నిలబడి తామూ నేర్చుకుంటారు. రెసిడెన్షియల్ స్కూలు తమ అమ్మల నోటి నుంచి లాక్కున్న మాటలు బిడ్డల నోటి ద్వారా ఇంటికి తిరిగొస్తున్నాయి.

శుక్రవారం సాయంత్రం సెల్‌కిర్క్ అవెన్యూకు వెళ్లాం. అక్కడ ఒక గంట స్తంభం ఉంది. 2011లో వాడలో చిన్న వయసువారొకరు ఆత్మహత్య చేసుకున్నాక, యువత ఆ స్తంభం దగ్గర వారం వారం చేరి గంట కొట్టడం మొదలుపెట్టారు. హింస ఆగాలని అడగడానికి, వాడకు ఏం కావాలో మాట్లాడుకోవడానికి అదే వాళ్ల సభాస్థలి అయింది. ఎవరూ రాసివ్వని కార్యక్రమం అది.

మూడేళ్ల తర్వాత, 2014 ఆగస్టులో, సాగ్‌కీంగ్ నుంచి వచ్చిన టీనా ఫాంటేన్ అనే పదిహేనేళ్ల అమ్మాయి శవం రెడ్ నదిలో దొరికింది. ఆమె అప్పుడు ప్రభుత్వ సంరక్షణలో ఉంది. ఉంచడానికి ఇళ్లు చాలక పిల్లల్ని హోటల్ గదుల్లో పెట్టేవారు. ఆమెనూ అలాగే పెట్టారు. ఊరు కదిలిపోయింది. 2015లో మానిటోబా ఆ హోటల్ పద్ధతికి స్వస్తి పలికింది. అదే ఏడాది, 1992లో పుట్టి మధ్యలో ఆగిపోయిన బేర్ క్లాన్ పట్రోల్ అనే గస్తీ బృందం మళ్లీ వీధిలోకి వచ్చింది. వాడవాళ్లే జాకెట్లు తొడుక్కుని సాయంత్రాలు నడుస్తారు. చేతిలో ఆయుధం ఉండదు. సూదులు ఏరతారు, ఆకలిగొన్నవాళ్లకు తిండి ఇస్తారు, ఒంటరిగా తిరిగే పిల్లల్ని పలకరిస్తారు. రాత్రిపూట ఎక్కడికీ వెళ్లలేని కుర్రకారుకు ఎన్‌డినావే అనే సంస్థ తలుపులు తెరిచి ఉంచుతుంది.

మా మేనకోడలు ఆ సాయంత్రం చాలాసేపు మాట్లాడలేదు. తన దగ్గర ఉండే ఒక అమ్మాయికి త్వరలో పద్దెనిమిది నిండుతాయట. “సంచులు సర్దుకుని ఎక్కడికి వెళ్తుంది అత్తా? వంట రాదు, బ్యాంకు ఖాతా లేదు, చుట్టాల ఊరి పేరు మాత్రం తెలుసు” అంది. మర్నాడు తనే ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని, మేం చూసివచ్చిన కేంద్రానికి వెళ్లి కార్యక్రమాలు చూసుకునే ఆవిడతో మాట్లాడింది. రాత్రి డ్యూటీ చేసిన మనిషి నిద్ర మానుకుని చేసిన ఆ పని ఏ రిపోర్టులోకీ ఎక్కదు.

రిపోర్టులు, బిల్లుల మధ్య బిడ్డ ఎలా నలిగిపోతాడో చెప్పే కథ ఈ ఊరి ఆస్పత్రిలోనే జరిగింది. ఆ బిడ్డ పేరు జోర్డాన్ రివర్ ఆండర్సన్. నార్వే హౌస్ క్రీ జాతి బిడ్డ. వాళ్ల ఊరు ఇక్కడికి ఉత్తరాన వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. 1999లో క్లిష్టమైన జబ్బుతో పుట్టాడు. రెండేళ్లు నిండేసరికి ఇంటికి పంపవచ్చని డాక్టర్లు చెప్పారు. ఇంటి దగ్గర సేవలకు అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్న దానిపై ఫెడరల్ ప్రభుత్వం, రాష్ట్ర ప్రభుత్వం రెండేళ్లకు పైగా వాదించుకున్నాయి. ఆ వాదన తేలకముందే 2005లో, అయిదేళ్ల వయసులో, ఒక్క రోజూ సొంత ఇంట్లో పడుకోకుండా ఆస్పత్రిలోనే చనిపోయాడు. ముందు బిడ్డకు సేవ అందాలి, బిల్లు ఎవరిదో తర్వాత తేల్చుకోవాలి అనే సూత్రాన్ని 2007లో పార్లమెంటు దిగువ సభ అతని పేరుతో ఆమోదించింది. అది కాగితం మీదే మిగిలింది. మరోపక్క గిట్‌క్సాన్ జాతికి చెందిన సిండీ బ్లాక్‌స్టాక్ నాయకత్వంలోని సంస్థ, ఫస్ట్ నేషన్స్ అని పిలిచే మూలవాసి జాతుల అసెంబ్లీ కలిసి కేసు నడిపాయి. 2016లో మానవ హక్కుల ట్రిబ్యునల్, ఫస్ట్ నేషన్స్ పిల్లల పట్ల కెనడా వివక్ష చూపిందని తీర్పు చెప్పింది. 2023లో ఆ పిల్లలకూ కుటుంబాలకూ 2,300 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖరారైంది. సేవ అందించడానికి అయ్యే ఖర్చును కాదన్న ప్రభుత్వం, అందించనందుకు చెల్లించిన మూల్యం అది.

ఇంకా ఉత్తరాన నెల్సన్ హౌస్‌లో నిసిచవయాసిక్ క్రీలు 2002 నుంచి చేస్తున్న పని గురించి ఇక్కడ అందరూ చెబుతారు. ఇంట్లో తాగుడో గొడవో జరిగి బిడ్డకు ప్రమాదం అనిపిస్తే, అక్కడ ఇంట్లోంచి బయటికి పంపేది తల్లిదండ్రుల్ని. బిడ్డ తన మంచం మీదే పడుకుంటాడు, తన బడికే వెళ్తాడు. అమ్మమ్మో పిన్నో, లేదా ఆ ఊరి సంస్థ మనిషో వచ్చి ఆ ఇంట్లో ఉంటారు. తప్పు పెద్దలదైతే ఇల్లు వదలాల్సింది పెద్దలే కదా! ఇంత సులువైన న్యాయం ఒక దేశానికి వందేళ్లు తట్టలేదు. ఊరివాళ్లకు అధికారం వచ్చాక తట్టింది.

ఆ అధికారానికి ఇప్పుడు చట్టం అండ ఉంది. మూలవాసుల పిల్లలు, యువత, కుటుంబాలకు సంబంధించిన ఫెడరల్ చట్టం 2020 జనవరి 1న అమల్లోకి వచ్చింది. తమ పిల్లల సంక్షేమం మీద తామే చట్టాలు చేసుకునే హక్కు వాళ్లకు ఉందని అది గుర్తించింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని పూర్తిగా సమర్థించింది. మానిటోబాలో కాన్పు కాగానే బిడ్డను తీసుకుపోవడానికి ఆస్పత్రులకు ముందే పంపే హెచ్చరికలూ 2020 జులైలో ఆగిపోయాయి. 2023లో మానిటోబాకు వాబ్ కినూ ముఖ్యమంత్రి అయ్యాడు. కెనడా రాష్ట్రాల్లో ఫస్ట్ నేషన్స్ నుంచి ఆ పదవికి వచ్చిన మొదటి మనిషి.

సెప్టెంబరు 30న ఊరంతా నారింజ రంగు చొక్కాలు వేసుకుని నడిచింది. రెసిడెన్షియల్ బడుల పిల్లలను తలుచుకునే రోజది. డోళ్ల వెంట అమ్మమ్మలు, తాతలు, చంకల్లో పిల్లలు, కొత్తగా వలస వచ్చిన కుటుంబాలు. మా మేనకోడలు తన సహోద్యోగులతో వచ్చింది. ఆ గుంపులో తెలుగు మాటలు కూడా వినిపించాయి.

నడుస్తుంటే నా మనసు ఆదిలాబాద్‌లో ఉంది. మన ఏజెన్సీ చరిత్ర వేరు, కెనడా చరిత్ర వేరు. మన ఆశ్రమ పాఠశాలల్లో చేర్చిన పిల్లలు సెలవులకు ఇంటికి వెళ్తారు, తల్లులు వచ్చి చూసుకుపోతారు. అయినా పోల్చి చూసుకోవలసింది ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను కాల్చి చంపాక, గోండుల బాధలేమిటో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో కాపురమున్నాడు. 1943లో అక్కడ గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించి, గోండిలో వాచకాలు రాయించాడు. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులే గోండుల దగ్గరికి వెళ్లి కూర్చుని సమస్యలు వినే దర్బారు ఆయన చొరవతోనే మొదలైంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గోండి, కోలామి, కోయ, సవర వంటి ఎనిమిది భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది. దారి మనకు కొత్త కాదు. మొదలుపెట్టిన దాన్ని నిలబెట్టడం దగ్గరే మనం ఆగిపోతాం. గోండి వచ్చిన పంతులుకు బదిలీ వస్తుంది, వాచకం మళ్లీ అచ్చు కాదు, అయిదేళ్ల బిడ్డ తెలియని భాషలో పలక పట్టుకుంటాడు.

విన్నిపెగ్‌లో పనిచేస్తున్న మన పిల్లలకు నేను చెప్పేది ఒకటే. మీరు చేరిన గృహం ఏ చరిత్ర మీద నిలబడిందో తెలుసుకోండి. మీ సంరక్షణలో ఉన్న బిడ్డ అమ్మమ్మ ఊరి పేరు తెలుసుకోండి. ఆ బిడ్డను ఆమె దగ్గరికి ఒక్క అడుగు దగ్గర చేసినా మీ ఉద్యోగం చేసినట్టే.

ఇక మన ఐటీడీఏల్లో, హాస్టళ్లలో, అంగన్‌వాడీల్లో పథకాలు రాసేవాళ్లకు: ఆదివాసీ పిల్లల కోసం ఏ పని తలపెట్టినా, అది కాగితం మీదికి వెళ్లకముందు గోండు, కోలాం, తోటి తెగల తల్లుల సభలో, వాళ్ల భాషలో చర్చకు రావాలి. వద్దనే హక్కు వాళ్లకుండాలి. నడిపే ఉద్యోగాలు వాళ్ల పిల్లలకు దక్కాలి. డబ్బు ఏడాదికి కాకుండా ఒక పిల్లవాడు పెరిగి పెద్దయ్యేదాకా హామీగా రావాలి. ఇలా అయితే ఆలస్యమవుతుందని అంటారు. అవుతుంది. విన్నిపెగ్‌లో ఒక కుటుంబ సభకు చుట్టాల్ని వెతకడానికి వారాలు పడుతోంది. ఆ వారాలు ఆగకుండా తొందరపడి తీసుకుపోయిన పిల్లల్ని వెతికి ఇళ్లకు చేర్చడానికి మాత్రం కెనడాకు తరాలు పడుతున్నాయి. మనం ముందే ఆ వారాలు ఆగుదాం.